ఎబ్బింగ్‌హాస్ 67%, మిల్లర్ 7, ఐక్యూ 148: ఈ అంకెలు ఎక్కడివి, నోట్సులో ఏవి ఉంచాలి?

చదువరి
మనోవిజ్ఞానం కొత్తగా మొదలుపెట్టిన విద్యార్థులకు జ్ఞాపకశక్తి, అభ్యసనం, ప్రజ్ఞ మీద నోట్సు తయారు చేస్తున్నాను. ఏ స్లైడు చూసినా అవే మాటలు. చదివినదాంట్లో ఒక్క రోజులో 67% మరిచిపోతామని జర్మన్ మనోవిజ్ఞాని ఎబ్బింగ్‌హాస్ కనిపెట్టాడట. మనసులో ఒకేసారి ఏడు విషయాలే పడతాయని అమెరికా మనోవిజ్ఞాని మిల్లర్ అన్నాడట, కాబట్టి స్లైడుకు ఏడు పాయింట్లు మించకూడదట. ఫలానా ఆయన ఐక్యూ (ప్రజ్ఞా లబ్ధి) 148 అట. ఈ ‘అట’లన్నీ తీసేసి, ఎవరు దేన్ని ఎలా కొలిస్తే ఆ అంకె వచ్చిందో రాద్దామని ఉంది. తెలిసినవాళ్లు కాస్త విప్పి చెబుతారా? తరగతిలో చేయించదగ్గ ప్రయోగం ఉంటే అదీ కావాలి.

కొలబద్ద
67తోనే మొదలుపెడదాం, ఎందుకంటే గందరగోళమంతా అక్కడే ఉంది. 1885 నాటి పుస్తకంలో ఎబ్బింగ్‌హాస్ కొలిచింది మళ్లీ నేర్చుకోవడంలో ఎంత శ్రమ ఆదా అయిందో. అందుకే దాన్ని పొదుపు పద్ధతి అంటారు. ఒక్కో జాబితాలో 13 అర్థరహిత పదాలు, అలాంటివి ఎనిమిది జాబితాలు. తప్పు లేకుండా వరసగా రెండుసార్లు అప్పజెప్పేదాకా చదవడం, కొంత విరామం తర్వాత అవే జాబితాలను అదే స్థాయికి మళ్లీ నేర్చుకోవడం. మొదటిసారి పట్టిన సమయంలోంచి రెండోసారి పట్టిన సమయం తీసేసి, దాన్ని మొదటి సమయంతో భాగించి వందతో గుణిస్తే పొదుపు శాతం.

ఆయనకొచ్చినవి: సుమారు 20 నిమిషాలకు 58.2, గంటకు 44.2, తొమ్మిది గంటల దరిదాపుల్లో 35.8, ఒక రోజుకు 33.7, రెండు రోజులకు 27.8, ఆరు రోజులకు 25.4, 31 రోజులకు 21.1.

ఆ 33.7ని వందలోంచి తీసేస్తే 66.3, దాన్నే ‘67% మరిచిపోయాం’ అని ఎవరో చదివారు, అదే పాకిపోయింది. జాబితాలో ఒక్క పదం కూడా నోటికి రాని మనిషికైనా మళ్లీ నేర్చుకునేటప్పుడు పొదుపు కనిపించవచ్చు. కాబట్టి పొదుపు వేరు, గుర్తుకు తెచ్చుకోగలిగిన శాతం వేరు. పైగా చదివిందీ, పరీక్ష రాసిందీ ఆయనొక్కడే. నేర్చుకున్నదీ అర్థం లేని పదాలే. అర్థమై చదివిన పాఠానికి ఆ అంకె అంటగట్టకండి.

నిశితం
దీనికి తోడు ఒక సూత్రం కూడా తిరుగుతుంటుంది. ఎబ్బింగ్‌హాస్ పేరు పెట్టి ఘాతీయ క్షీణత రాస్తారు, అంటే రేడియో ధార్మిక పదార్థం తరిగినట్టు. ఆయన రాసింది అది కాదు. లాగరిథమ్ సూత్రం రాశాడు: పొదుపు = 100కె ÷ ((లాగ్ టి)^సి + కె). టి నిమిషాల్లో, లాగ్ ఆధారం 10, కె = 1.84, సి = 1.25. ఒక రోజుకు, అంటే 1440 నిమిషాలకు వేసి చూడండి: లాగ్ 3.158, దాన్ని 1.25 ఘాతానికి పెంచితే 4.21 దాకా వస్తుంది. 184ని 6.05తో భాగిస్తే 30.4. కొలిచింది 33.7, దగ్గరే.

ఇప్పుడు ఘాతీయ సూత్రంతో వేయండి. 20 నిమిషాలకు 58 రావాలంటే గంటకు 20 దగ్గరికి పడిపోవాలి, మర్నాటికి సున్నా. నిజంగా వచ్చినవి 44, 34. అంటే సూత్రం మొదటి గంటలోనే బోల్తా కొట్టింది. మరపు మొదట నిటారుగా పడి, తర్వాత చాలా మెల్లగా జారుతుంది. ఆ మెల్లదనం ఘాతీయ వక్రరేఖలో ఇమడదు.

చదువరి
చాలా స్పష్టంగా ఉందండీ. మరి దీన్నే తరగతిలో చేయించాలంటే? రెండు పీరియడ్లు, ముప్పై మంది దాకా విద్యార్థులు.

తాళగతి
చేయించవచ్చు. కాకపోతే పాడయ్యే చోట్లు చాలా ఉన్నాయి, అవి ముందే చెబుతాను.

సామగ్రి సంగతి ముందు. ఎబ్బింగ్‌హాస్ హల్లు, అచ్చు, హల్లు కలిపి సుమారు 2,300 పదాలు తయారు చేసుకున్నాడు. తెలుగులో అదే పద్ధతి పెడితే ‘బస్’, ‘పెన్’ లాంటివి దొర్లుతాయి, అర్థం పట్టేసుకుంటుంది. రెండక్షరాల పదాలు చేయండి: ‘గూమె’, ‘తేఫు’, ‘ఝొణి’ ఇలా. ఒక్కో దాన్నీ ఇద్దరు ముగ్గురికి చూపించి, ఏదైనా తడుతోందంటే కొట్టేయండి. ఒకే జాబితాలో ఒకే గుణింతం పక్కపక్కన రాకూడదు, ప్రాస కుదిరిందంటే అది పాటలా నోటికెక్కుతుంది.

జాబితా పొడవు మీద ఆయనే దారి చూపించాడు. ఏడు పదాలైతే ఒక్క పఠనం చాలేది, 12కి 16.6 పఠనాలు, 16కి 30, 24కి 44 కావాల్సి వచ్చాయి. అదీ ఏళ్ల తరబడి సాధన చేసిన మనిషికి. కొత్తవాళ్లకు పది పెట్టండి. ఏడు పెడితే కొలవడానికేమీ మిగలదు, పదమూడు పెడితే సగం మంది పీరియడ్ అయ్యేలోపు పూర్తి చేయరు.

వేగం తప్పనిసరిగా ఒకేలా ఉండాలి. ఆయన నిమిషానికి 150 తాళాల మీద చదివేవాడు. కొత్త చేతులకు 60 సరిపోతుంది, సెకనుకు ఒక పదం. అప్పుడు గడియారం పట్టుకోవాల్సిన పని లేదు, పఠనాలు లెక్కపెడితే చాలు. ఎప్పుడూ మొదటి పదం నుంచి చివరి పదం దాకానే. మధ్యలో కష్టమైన చోట ఆగి నాలుగుసార్లు నెమరేసుకునేవాళ్లు ఉంటారు, లెక్క అక్కడే చెడుతుంది. కథలు అల్లుకోవడం కూడా వద్దని చెప్పాలి.

లెక్కలో ఒక మెలిక. మొదటి రోజు 18 పఠనాలు, మర్నాడు 12 అనుకుందాం. నేరుగా వేస్తే పొదుపు 33.3%. కానీ రెండు రోజులూ చివరి రెండూ తప్పు లేని అప్పజెప్పడాలే, అవి ఎలాగూ ఉంటాయి. వాటిని రెండు వైపులా తీసేస్తే 16, 10. పొదుపు 37.5%. ఏదో ఒకటి ముందే ఖాయం చేసుకుని అందరికీ అదే వాడండి.

అన్నిటికన్నా పెద్ద చిక్కు: విద్యార్థులకు రెండో రోజుకు జాబితాలు నేర్చుకోవడమే అలవాటవుతుంది. ఆ వేగాన్ని కూడా జ్ఞాపకం ఖాతాలో వేసేస్తాం. అందుకని మర్నాడు పాత జాబితాతో పాటు, అంతే కష్టమైన కొత్త జాబితా కూడా నేర్పించాలి. సగం మందికి పాతది ముందు, సగం మందికి కొత్తది ముందు. కొత్తదానికి 15, పాతదానికి 12 పట్టాయంటే అసలు పొదుపు 18 మీద కాదు, 15 మీద లెక్కించాలి: 20%. ఇది చేయని తరగతుల్లో పొదుపు ఎప్పుడూ ఉబ్బే కనిపిస్తుంది.

కొలబద్ద
తాళగతి గారు చెప్పినదానికి ఒక్క ముక్క కలుపుతాను. రెండు పరీక్షలూ రోజులో ఒకే వేళకు పెట్టండి. సాయంత్రం పూట నేర్చుకోవడానికి ఎక్కువ సమయం పడుతోందని ఎబ్బింగ్‌హాసే గమనించాడు. ఉదయం నేర్చుకుని సాయంత్రం మళ్లీ నేర్చుకుంటే అలసట కూడా మరపులా కనిపిస్తుంది.

2015లో మర్రే, డ్రోస్ అనే ఇద్దరు ఈ ప్రయోగాన్ని ఒక మనిషితో 70 గంటలు చేయించి చూశారు. వక్రరేఖ దాదాపు అలాగే వచ్చింది. 24 గంటల దగ్గర మాత్రం గీత కాస్త పైకి లేచింది. మధ్యలో నిద్ర ఉండటం కారణం కావచ్చు. 1924లోనే జెంకిన్స్, డాలెన్‌బాక్ ఇద్దరు విద్యార్థుల మీద చూపించారు కదా, నేర్చుకున్నాక నిద్రపోతే, అంతే సేపు మేలుకుని ఉన్నప్పటికంటే ఎక్కువ మిగులుతుందని.

చిక్కుదారి
గుర్తు లేకపోయినా పొదుపు ఉంటుందన్నదానికి హెన్రీ మొలైసన్‌ను మించిన ఉదాహరణ లేదు. మూర్ఛల కోసం 1953లో స్కోవిల్ చేసిన శస్త్రచికిత్సలో మెదడులో కొత్త జ్ఞాపకాలను నిలిపే హిప్పోకాంపస్‌లో రెండు వైపులా చాలా భాగం పోయింది. ఆ తర్వాత కొత్త సంఘటన ఏదీ నిలిచేది కాదు. బ్రెండా మిల్నర్ ఆయన చేత అద్దంలో చూస్తూ నక్షత్రం గీతల మధ్య పెన్సిల్ నడిపించింది. మూడు రోజుల్లో తప్పులు బాగా తగ్గాయి. ఆ పని ఇంతకుముందు చేశానన్న సంగతే ఆయనకు తెలియదు.

ఎలుకల్లో ఇదే మాటను టోల్మన్, హోంజిక్ 1930లో ఇంకో దారిలో చెప్పారు. పది రోజులు తిండి ఆశ లేకుండా చిక్కుదారిలో తిరిగిన ఎలుకలకు 11వ రోజు తిండి పెట్టారు. ఒకటి రెండు రోజుల్లోనే మొదటి రోజు నుంచీ తిండి దొరికిన గుంపును అందుకున్నాయి. నేర్చుకోవడం జరిగిపోయింది, బయటపడటానికి కారణం లేకపోయింది, అంతే. పునర్బలనం, అంటే తిండిలాంటి ప్రతిఫలం, లేకపోతే అభ్యసనమే లేదన్న వాళ్లకు ఇది మింగుడు పడలేదు. మీ నోట్సులో అభ్యసనం, ప్రదర్శన రెండూ వేర్వేరని రాయడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు.

ముక్కలపెట్టె
మిల్లర్ సంగతికి వద్దాం. 1956 వ్యాసంలో ఆయన ఏడు ప్లస్ ఆర్ మైనస్ రెండు అన్నాడు, నిజమే. కానీ లెక్కించింది ముక్కల్ని. పది అంకెలు పది ముక్కలు కావచ్చు, మూడు తేదీలుగా కనిపిస్తే మూడు ముక్కలు కావచ్చు. మళ్లీ మళ్లీ అనుకునే అవకాశం, కలిపి కుట్టే అవకాశం రెండూ తీసేస్తే మిగిలేది నాలుగు దగ్గర ఉంటుందని కోవన్ 2001లో వాదించాడు. స్లైడు మీద పాయింట్లు కళ్ల ముందే ఉంటాయి, వాటిని ఎవరూ మనసులో మోయక్కర్లేదు. ఆ నియమానికీ మిల్లర్‌కూ ఏ సంబంధమూ లేదు.

ముక్క అంటే ఏమిటో చూపించాలంటే ఎస్‌ఎఫ్ అనే విద్యార్థి కథ చెప్పండి. 1980లో ఎరిక్సన్, చేజ్, ఫలూన్ ప్రచురించారు. సెకనుకు ఒక అంకె చొప్పున చదివితే మొదట్లో అతనికి అందరిలాగే ఏడే. ఇరవై నెలల్లో, 230 గంటలకు పైగా సాధన తర్వాత 79. అతను పరుగుపందేల మనిషి. 3492 వినగానే మైలు పరుగుకు 3 నిమిషాల 49.2 సెకన్లు అని పట్టేసేవాడు. అంకెలు తీసేసి అక్షరాలు ఇవ్వగానే ఆరుకు దిగిపోయాడు. పెట్టె పెద్దదైందా, పెట్టేవాటిని నొక్కి సర్దడం వచ్చిందా అన్న ప్రశ్నకు ఆ ఆరే జవాబు. మెదడు ఆటలు ఆడితే జ్ఞాపకశక్తి మొత్తంగా పెరుగుతుందని అమ్మేవాళ్లకు కూడా.

తరగతిలో అంకెల పరీక్ష పెడితే గొంతు పట్ల జాగ్రత్త. మూడేసి అంకెల దగ్గర గొంతు దించామంటే ముక్కలు మనమే చేసి ఇచ్చినట్టు. సెకనుకొకటి, ఒకే స్వరం. ఒక్కో పొడవుకు రెండు ప్రయత్నాలు, రెండూ తప్పితే ఆపడం.

సందేహి
ఏడుకీ నాలుగుకీ మధ్య తగువు ఒక పక్కన ఉండనివ్వండి. బాడ్‌లీ 1975 పని వదిలేస్తే ఎలా? సుమారు రెండు సెకన్లలో పలకగలిగినన్ని పదాలే శబ్ద వలయంలో, అంటే మాటల్ని మనసులో తిప్పి తిప్పి అనుకుంటూ నిలుపుకునే చోట, నిలుస్తాయి. పొడవైన పదాలైతే తక్కువ, పొట్టివైతే ఎక్కువ. మాట పైకి అననివ్వకుండా ‘ద ద ద’ అనిపిస్తే చూపించిన పదాల్లో ఆ తేడా పోతుంది. తరగతిలో అయిదు నిమిషాల్లో చూపించవచ్చు, ఏ సామగ్రీ అక్కర్లేదు. చూపించండి, చదివి వినిపించవద్దు. వినిపిస్తే ‘ద ద ద’ అన్నా తేడా పోకపోవచ్చు, ఎందుకంటే విన్న మాటకు వలయంలోకి నేరుగా దారి ఉంది.

ముక్కలపెట్టె
ఒప్పుకుంటాను, అది మంచి ప్రదర్శన. అయితే ‘రెండు సెకన్లు’ కూడా ఇంకో మంత్రసంఖ్య కాకుండా చూసుకోండి.

విరామం
విద్యార్థులకు నిజంగా పనికొచ్చేది ఈ భాగం కాబట్టి కాస్త పొడవుగా రాస్తున్నాను.

రోడిగర్, కార్పికీ 2006 ప్రయోగం. ఒక చిన్న వ్యాసం. ఒక గుంపు దాన్ని నాలుగు విడతలు చదివింది. ఇంకోటి మూడు విడతలు చదివి ఒకసారి గుర్తున్నంత రాసింది. మూడోది ఒక విడత చదివి మూడుసార్లు రాసింది. అయిదు నిమిషాల తర్వాత గుర్తున్నది వరసగా 83, 78, 71 శాతం. చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత 40, 56, 61. తలకిందులైంది. మొదటి గుంపు సగటున వ్యాసాన్ని 14.2 సార్లు చదివింది, మూడోది 3.4 సార్లు. వారం తర్వాత ఎంత గుర్తుంటుందని అడిగితే ఎక్కువ నమ్మకంగా ఉన్నది మొదటి గుంపే. పరీక్ష ముందు రాత్రి పుస్తకం తిరగేసి ‘అంతా వచ్చు’ అనుకునే మనిషి ఎందుకు మునుగుతాడో ఈ రెండు వరసల అంకెల్లో ఉంది.

విరామాల విషయంలో ఎబ్బింగ్‌హాసే మొదటివాడు. 12 పదాల జాబితాను ముందురోజు ఒక్కసారే 68 సార్లు చదివినా, మూడు రోజులకు పంచి 38 సార్లు చదివినా మళ్లీ నేర్చుకునేటప్పుడు ఫలితం ఒకటే. మరి ఎంత విరామం ఇవ్వాలి? సెపెడా బృందం 2008లో 1,350 మందికి పైగా మనుషులతో చూసింది. పరీక్ష వారంలో ఉంటే ఆ గడువులో 20 నుంచి 40 శాతం, అంటే ఒకటిన్నర నుంచి మూడు రోజుల లోపు. పరీక్ష ఏడాది తర్వాతైతే 5 నుంచి 10 శాతం, మూడు నుంచి అయిదు వారాలు. అన్ని పరీక్షలకూ ఒకే టైమ్‌టేబుల్ ఇచ్చేవాళ్లు ఇది చూడాలి.

సందేహి
ఒక హెచ్చరిక లేకుండా ఇది నోట్సులో పెడితే ప్రమాదం. గుర్తుకు తెచ్చుకునే సాధన ఫలించాలంటే ఎంతో కొంత గుర్తుకు రావాలి. పది ప్రశ్నలకు రెండే వచ్చి, జవాబులు కూడా చూడకపోతే మిగిలిన ఎనిమిదికీ లాభం శూన్యం. కష్టమైన పాఠానికి మొదటి పరీక్ష ఆలస్యం చేయకండి, రాసిన వెంటనే జవాబు చూపించండి. బహుళైచ్ఛిక ప్రశ్నలైతే తప్పు ఎంపికే గుర్తుండిపోయే బెడద కూడా ఉంది. జోర్క్ ‘వాంఛనీయ కష్టాలు’ అన్నది అందుకే. దాటగలిగిన కష్టమే వాంఛనీయం.

నిశితం
బ్యోర్క్ అనాలి సందేహి గారూ 🙂 రాబర్ట్ బ్యోర్క్.

ఒక వైపు ప్రశ్న, రెండో వైపు జవాబు ఉండే కార్డుల సాఫ్ట్‌వేర్ వాడే విద్యార్థుల కోసం ఇది. చాలావాటికి మూలం వొజ్నియాక్ 1987లో తయారుచేసిన ఎస్ఎమ్-2, ఏ కార్డు మళ్లీ ఎప్పుడు చూపించాలో లెక్కించే పద్ధతి. మొదటి విరామం 1 రోజు, రెండోది 6, ఆ తర్వాత ప్రతిసారీ సులభ గుణకంతో గుణించడం. అది 2.5తో మొదలవుతుంది: 1, 6, 15, 38. జవాబుకు 0 నుంచి 5 దాకా మార్కు. 4 వేసుకుంటే గుణకం మారదు, 5కి 0.1 పెరుగుతుంది, 3కి 0.14 తగ్గుతుంది. 3 కన్నా తక్కువైతే మళ్లీ మొదటి రోజు నుంచి.

చిక్కెక్కడంటే, తడుముకుని చెప్పిన ప్రతిసారీ నిజాయితీగా 3 వేసుకుంటూ పోతే తొమ్మిది సార్లకు గుణకం కనిష్ఠమైన 1.3కి తగులుకుంటుంది. పైకి రావాలంటే 5లే కావాలి, ఆ కార్డుకు 5 రాదు. మాటిమాటికీ అవే కార్డులు ఎదురొచ్చి విసుగుపుడుతుంది. తప్పు చాలాసార్లు కార్డుదే: ‘థార్న్‌డైక్ అభ్యసన నియమాలు రాయండి’ అని ఒకే కార్డులో మూడు నియమాలు కుక్కితే ఒకటి మరిచినా మొత్తం పోయినట్టే. సంసిద్ధతా నియమానికొకటి, అభ్యాస నియమానికొకటి, ఫలిత నియమానికొకటి చేసి పాతది తీసేయండి.

చదువరి
ఇంత వివరం వస్తుందనుకోలేదు. ఐక్యూ 148 మిగిలింది.

లబ్ధిశేషం
ఏ కొలమానం మీద 148 అన్నది ముందు అడగండి. స్టెర్న్ 1912లో ఇచ్చిన లెక్క మానసిక వయసును అసలు వయసుతో భాగించడం. ఎనిమిదేళ్ల పిల్ల పదేళ్ల స్థాయిలో చేస్తే 1.25, వందతో గుణిస్తే 125. పెద్దవాళ్ల దగ్గర అది కుదరదు, నలభై ఏళ్ల మనిషికి యాభై ఏళ్ల మానసిక వయసు అంటే అర్థమేముంది? 1939లో వెక్స్‌లర్ పెద్దల పరీక్షతో అది పోయి, సాటి వయసువాళ్ల సగటు నుంచి ఎంత దూరమో చెప్పే పద్ధతి వచ్చింది. సగటు 100, ప్రామాణిక విచలనం (స్కోర్లు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) 15. కాటెల్ కొలమానంలో ఆ విచలనం 24. రెండు విచలనాల దూరంలో ఉన్న మనిషికి వెక్స్‌లర్ మీద 130, కాటెల్ మీద 148. మనిషి ఒకడే, స్థానమూ ఒకటే, నూటికి సుమారు 98 మంది కంటే పైన.

ఇంకోటి, దోషం హద్దు. కొలతలో ప్రామాణిక దోషం అంటే విచలనాన్ని (1 – విశ్వసనీయత) వర్గమూలంతో గుణించడం. విశ్వసనీయత, అంటే మళ్లీ కొలిచినా స్కోరు ఎంత నిలకడగా వస్తుందో చెప్పే అంకె, 0.91 అయితే 15 × 0.3 = 4.5. కాబట్టి 100 వచ్చిన మనిషికి 95% హద్దులు సుమారు 91 నుంచి 109. రెండు స్కోర్ల తేడాకు దోషం ఇంకా పెద్దది: 4.5 × 1.41, అంటే 6.4. శిక్షణకు ముందు 100, తర్వాత 108 వచ్చిందని ప్రకటన ఇస్తే అది దోషం లోపలే ఉంది, ఎందుకంటే తేడాకు 95% హద్దు సుమారు 12.5 (6.4 × 1.96). ఒకే పరీక్ష రెండోసారి రాస్తే వచ్చే అలవాటు లాభం దాని మీద అదనం.

పరీక్ష ప్రమాణాలు ఎప్పటివో కూడా చూడండి. ఫ్లిన్ చూపించిన పెరుగుదల దశాబ్దానికి సుమారు 3 పాయింట్లు. ఇరవై ఏళ్ల నాటి ప్రమాణాలతో దిద్దితే ఆరు పాయింట్లు ఊరికే కలిసిరావచ్చు. కొన్ని దేశాల్లో ఈ మధ్య ఆ పెరుగుదల ఆగింది, కొన్నిచోట్ల వెనక్కి తిరిగింది కూడా, కాబట్టి గుడ్డిగా తీసేయకూడదు.

చిక్కుదారి
బినే గురించి ఒక్క వాక్యమైనా పెట్టండి. 1905లో సిమోన్‌తో కలిసి చేసిన 30 అంశాల పరీక్ష, బడిలో అదనపు సాయం కావలసిన పిల్లల్ని గుర్తించడానికి. పుట్టుకతో వచ్చిన మార్పులేని శక్తిని కొలుస్తున్నానని ఆయన అనలేదు. బడి చదువు ఒక్కో అదనపు ఏడాదికి 1 నుంచి 5 పాయింట్లు కలుపుతుందని 2018లో రిచీ, టకర్-డ్రోబ్ ఆరు లక్షల మందికి పైగా మనుషుల దత్తాంశంతో లెక్కగట్టారు. బినే వింటే సంతోషించేవాడు.

చదువరి
చివరిగా ఒకటి. గార్డ్‌నర్ బహుళ ప్రజ్ఞలు పెట్టి, దాని కింద దృశ్య, శ్రవణ అభ్యసన శైలులు పెట్టమని సలహా వచ్చింది. పెట్టవచ్చా?

లబ్ధిశేషం
రెండూ ఒకే చోట పెట్టకండి. 1983లో గార్డ్‌నర్ ఏడు ప్రజ్ఞలు చెప్పాడు, తర్వాత ప్రకృతి ప్రజ్ఞ కలిపాడు. తన సిద్ధాంతం అభ్యసన శైలుల గురించి కాదని ఆయనే చెప్పాడు. దాని మీద వచ్చే ప్రధాన విమర్శ వేరే: వేర్వేరు సామర్థ్య పరీక్షల మార్కులు ఒకదానితో ఒకటి ధనాత్మకంగానే కదులుతాయి. స్పియర్‌మన్ 1904లో సామాన్య కారకం, అంటే అన్ని సామర్థ్యాల వెనకా ఉండే ఉమ్మడి అంశం, అన్నది ఆ కదలికను వివరించడానికే. స్వతంత్ర ప్రజ్ఞలు అనేవాళ్లు దానికి సమాధానం చెప్పాలి.

శైలుల విషయంలో పాష్లర్ బృందం 2008లో ఎలాంటి రుజువు కావాలో తేల్చి చెప్పింది. విద్యార్థుల్ని దృశ్య, శ్రవణ అని విడదీయాలి. ఒక్కో గుంపులో సగం మందికి బొమ్మలతో, సగం మందికి మాటలతో బోధన, చీటీలు తీసి కేటాయించాలి. చివర అందరికీ ఒకటే పరీక్ష. దృశ్య గుంపుకు బొమ్మలతో, శ్రవణ గుంపుకు మాటలతో ఎక్కువ మార్కులు రావాలి, గ్రాఫులో రెండు గీతలూ ఒకదాన్నొకటి కోసుకోవాలి. రెండు గుంపులకూ బొమ్మలే మెరుగైతే అది శైలి కాదు, ఆ పాఠానికి బొమ్మ అవసరమని మాత్రమే అర్థం. ఆ పద్ధతిలో చేసిన అధ్యయనాలు వాళ్లకు చాలా కొద్దిగా దొరికాయి, వాటిలో కొన్ని శైలుల వాదానికి ఎదురే తిరిగాయి. ఆ గ్రాఫును ఖాళీగా ఇచ్చి, ఎలాంటి గీతలు వస్తే నమ్మవచ్చో విద్యార్థుల చేతనే గీయించండి.